ముందొచ్చే బొమ్మ

నోట్లో టేపు ముక్క కరిచి పట్టుకుని, స్తంభానికి ఆనించిన నిచ్చెన మీద నిలబడి బాల్‌రాజ్ తెగిన తీగను అతుకుతున్నాడు. దిల్‌సుఖ్‌నగర్ వెనక గల్లీల్లో పన్నెండేళ్లుగా ఇదే పని. ఎడమ మోకాలు సరిగ్గా వంగదు. రాగితీగ గుచ్చుకుని గుచ్చుకుని వేళ్ల కొసలు మొద్దుబారిపోయాయి.

తలెత్తితే వేదవతమ్మ డాబా మీద డిష్ కనిపించింది. కొత్తది, తెల్లగా మెరుస్తోంది. ఒకతను దాన్ని బిగిస్తున్నాడు.

ఆ గల్లీలో కేబుల్ మిగిలిన ఇల్లు అదొక్కటే. అదీ పోతే లైను పీకేస్తాను, నీకూ పని ఉండదు అని ఆపరేటర్ మొన్ననే చెప్పాడు.

అతుకు సగంలో వదిలేసి దిగాడు.

"ఏందమ్మా, నాతోని ఒక్క మాటన్న చెప్పకపోతివి?"

వేదవతమ్మ గుమ్మంలోనే నిలబడింది. "ఏం చెప్పనయ్యా బాల్‌రాజూ! తెలంగాణ సమ్మె అని మా ఆంధ్రా చానళ్లు తొమ్మిది రోజులు ఆపేశారు. పొద్దున్నే పూజ చూడందే మా అత్తయ్యకి ముద్ద దిగదు. ఎన్నాళ్లని ఓర్చుకుంటాం?"

ఆపమన్నది ఆపరేటర్. ఆఫీసులో ఆ చానళ్ల తీగలు పీకింది బాల్‌రాజే. తెలంగాణ రావాలని అతనికీ ఉంది. ఆవేళ ముసలామె పూజ సంగతి మాత్రం తోచలేదు.

డిష్ బిగించినతను కిందికి దిగివచ్చాడు. పేరు పట్టాభి. ఇస్త్రీ చొక్కా, మెడలో కార్డు, కాళ్లకు బూట్లు. వేదవతమ్మ కుర్చీ వేసింది.

"ఏ ఊరు బాబూ మీది?"

"తెనాలండి."

"అయ్యో, మనవాళ్లే! అత్తయ్యా, తెనాలంట!"

లోపల్నుంచి కాఫీ వచ్చింది. గుమ్మం అవతల నిలబడి బాల్‌రాజ్ ఆ గ్లాసు వంకే చూశాడు. పన్నెండేళ్లలో ఈ ఇంట్లో మంచినీళ్లు తాగాడు, దసరా మామూలు తీసుకున్నాడు. ఏ ఊరని ఎవరూ అడగలేదు. ఇప్పటికిప్పుడు వాన పడితే బాగుండును, ఆ డిష్ పళ్లెంలో బొమ్మ మాయమైపోవాలి అనుకున్నాడు. ఆకాశంలో మబ్బుతునక లేదు.

హాల్లో టీవీకి డిష్ పెట్టారు. లోపలి గదిలో వేదవతమ్మ అత్తగారు కోటేశ్వరమ్మ చూసే చిన్న టీవీకి ఇంకా కేబులే. రెండింట్లోనూ అవే వార్తలు. గదిలో టీవీ చదివిన మాటే రెండు క్షణాలాగి హాల్లో వినిపించింది.

బాల్‌రాజ్ ముఖం విప్పారింది. "ఇన్నరా అమ్మా? నా బొమ్మ ముందొస్తది! గీయనది పాసిపోయిన ముచ్చట."

పట్టాభి నవ్వాడు. "శాటిలైట్ దాకా పైకెళ్లి రావాలి కదండీ పెద్దాయనా!"

కోటేశ్వరమ్మ మంచం మీంచి అంది. "ముందొస్తుందిలే నాయనా. ముందు పోయేదీ అదేగా."

బాల్‌రాజ్ గదిలోకి వెళ్లి చిన్న టీవీ వెనక తీగ ఊడదీశాడు. బొమ్మ పోయి చుక్కలు కురిశాయి. వీధిలో పట్టాభి బండి చప్పుడు దూరమైంది. కిటికీ చెక్కలోంచి తీగను బయటికి లాగుతుంటే ముసలామె అడిగింది.

"నీదే ఊరయ్యా?"

"ఇదేనమ్మా. ఎల్‌బీ నగర్ల మా తాతకు జొన్నచేను ఉండె."

ఆమె ఊఁ అంది. కాఫీ మాత్రం రాలేదు.

బాల్‌రాజ్ తీగను చుట్టచుట్టి భుజాన వేసుకున్నాడు. వెళ్లబోయి ఆగాడు. "తీగ పీకిన కన్నంలకెల్లి చీమలొస్తయి. ఓ సబ్బు ముక్క ఉంటే ఇయ్యిండ్రి."

వేదవతమ్మ తెచ్చి ఇచ్చింది.

మర్నాడు ఇద్దరు మనుషులు వచ్చి గల్లీ పొడుగునా తీగలు దింపుకుపోయారు. వాళ్లలో బాల్‌రాజ్ లేడు. బడంగ్‌పేట్ దిక్కు ఏదో కట్టడం దగ్గర కాపలాకు కుదిరాడని వాళ్లలో ఒకడన్నాడు. వేదవతమ్మ అలాగా అంది.

కోటేశ్వరమ్మ గదిలో, కిటికీ చెక్క కన్నంలో, కుక్కిన ఎర్ర సబ్బు ముద్ద గట్టిపడి ఉంది. దాని మీద బొటనవేలి గీతలు.