బతికున్న బండికి దినం

మా బావ థేన్, బళ్ల డీలర్ల సమావేశం నుంచి తిరిగొచ్చిన సాయంత్రం, టోపీ కూడా తీయకుండా మా అక్క వంటింట్లో కుర్చీలో కూలబడి, "అయిపోయింది వెల్డా. నాలుగొందల బండి పని అయిపోయింది" అన్నాడు.

నేను ఉడికిన బంగాళాదుంపల మీద చీజ్ తురుము చల్లుతున్నాను. చెయ్యి ఆపలేదు.

"ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదు. అదేగా సంగతి! వచ్చే ఏడాది బళ్లన్నీ తెరమీద వేసి చూపించారు. అందులో అది లేదు. లేచి అడిగాను. నవ్వేసి, పదండి పదండి, కాఫీ తాగుదాం అన్నారు."

"నువ్వు కాఫీ తాగవు కదా బావా."

"నీళ్లు తాగాను. తాగి మళ్లీ అడిగాను. మళ్లీ నవ్వారు."

మా అక్క లారూ పొయ్యి దగ్గరినుంచి వెనక్కి తిరగలేదు. "నవ్వినంత మాత్రాన చచ్చిపోతుందా ఏంటి?" అని మాత్రం అంది.

మా ఊరు సెయింట్ ఆంథనీలో ఈ కబురు కొత్తదేం కాదు. మా తెల్ల ఇసుక కొండల మీద వసంతం వచ్చిందంటే చాలు, నెగడు చుట్టూ చేరి జనం మాట్లాడుకునేది ఆ బండి జాతకమే. పెద్ద క్వాడ్ కొనలేనివాళ్లూ, పిల్లల బండిలో ఇమడనివాళ్లూ అందరూ దాని మీదే పెరిగారు. క్వాడ్ అంటే నాలుగు లావుపాటి చక్రాలు, మోటారుసైకిలు హ్యాండిలు, ఒక్కరికే సీటు. కంపెనీ దానికి పెట్టిన పేరు ఇక్కడెవరికీ పట్టదు. ఇంజను సైజును బట్టి నాలుగొందలు అంటే నాలుగొందలే. ఈసారి కొత్త ఇంజనట అని ఒకడంటాడు. కాదు, బ్యాటరీతో నడుస్తుందట అని ఇంకొకడు. గుడ్డ కప్పిన బండిని ఎడారిలో తోలుతుంటే మా తోడల్లుడు కళ్లారా చూశాడని మూడోవాడు ఒట్టేస్తాడు. తీరా శరదృతువులో కంపెనీ కాగితం వస్తే, అదే బండి. స్టిక్కర్లు మాత్రం మారేవి. పచ్చ స్టిక్కర్ల ఏడాది నేను పొట్ట చెక్కలయ్యేలా నవ్వాను.

ఈసారి తెరమీద స్టిక్కర్లు కూడా లేవన్నమాట.

మా బావ చెడ్డవాడు కాదు. పొలం అమ్మేసి బళ్ల దుకాణం పెట్టాక కాస్త భయస్తుడయ్యాడు, అంతే. ఇసుక కొండల క్లబ్బుకి అధ్యక్షుడు కూడా ఆయనే. ఆ వారమే క్లబ్బు సభలో లేచి, గొంతు సవరించుకుని, ఆయన పెట్టిన తీర్మానం ఇది: ఈ వసంతం కొండెక్కే పోటీలో, మధ్యాహ్నం పన్నెండింటికి గీత మీద ఎనిమిది క్వాడ్లు నిలబడితేనే క్వాడ్ల పోటీ. లేకపోతే ఆ పోటీ ఇక శాశ్వతంగా రద్దు. కొండ మొత్తం పంజరం బళ్లకే. గెలిచినవాళ్లకిచ్చే పార ఆయన దుకాణం గోడ మీదికి.

పంజరం బళ్లంటే ఇనప గొట్టాల గూడు, పక్కపక్కన సీట్లు, పైన కప్పు, పాటలపెట్టె, రూట్ బీరు సోడా గ్లాసు పెట్టుకోవడానికి బొక్క. ఆ గ్లాసు బొక్క చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. కొండెక్కేటప్పుడు మనిషికి రెండు చేతులూ హ్యాండిలు మీద ఉండాలి. ఒళ్లంతా ముందుకు వాలాలి. ఇసుక పళ్లలోకి రావాలి.

ఇక పార. అది పొలాలకి నీళ్లు కట్టే మామూలు పార. క్వాడ్ల పోటీలో గెలిచినవాళ్ల పేరు దాని కర్ర మీద కాల్చి రాస్తాం. వాళ్లు దాన్ని ఇంటికి తీసుకెళ్లి, మరుసటి ఏడాది తెచ్చి, దాంతోనే నెగడుకి గుంట తవ్వాలి. నా పేరు అందులో రెండుచోట్ల ఉంది. దాన్ని గాజు పెట్టెలో పెట్టి దీపం వెలిగిస్తానని బావ అన్నప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఏడవలేదు. లేచి నిలబడ్డాను.

"బతికున్న బండికి దినం పెడతావా బావా?"

"పోయినేడు ఎన్నొచ్చాయి వెల్డా? అయిదు. అందులో ఒకటి మధ్యలో ఆగిపోయింది."

"అది నాది. ప్లగ్గు తడిసింది."

అందరూ నవ్వారు. బావ కూడా నవ్వాడు. కానీ తీర్మానం నెగ్గింది.

క్లబ్బు సభ్యుల్ని అడిగి చూశాను. ఇద్దరు వస్తామన్నారు. మిగతావాళ్లు క్వాడ్లు అమ్మేసి పంజరాలు కొన్నారు, బావ దగ్గరే. నాతో కలిపి మూడు. రెండు రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. మూడో రోజు స్కూలు బస్సు నడుపుతూ, కిటికీలోంచి చూసి, నా తెలివికి నన్నే తిట్టుకున్నాను. ఆ బళ్లు ఎక్కడికీ పోలేదు! పొలాల్లో ఉన్నాయి. ప్రతి కొట్టం వెనకా ఒకటి, మట్టికొట్టుకుని, వెనక పార కట్టుకుని. మా ఊళ్లో పిల్లలంతా నీళ్ల గొట్టాలు మార్చడానికి దాని మీదే వెళ్లారు, ఇప్పుడూ వెళ్తున్నారు. దుకాణంలో అమ్ముడవని బండి చచ్చినట్టేనని మా బావ లెక్క. కొన్నవాడికి మళ్లీ కొనే అవసరం రాలేదన్న సంగతి ఆయనకి తట్టలేదు.

పిల్లల్ని దించేసి నేరుగా వెర్లన్ పొలానికి వెళ్లాను. వెర్లన్ బంగాళాదుంపల రైతు, చర్చిలో మా వెనక వరసలో కూర్చుని కునుకు తీస్తాడు. సంగతంతా చెప్పాను. విని, బూటుకున్న మట్టి కర్రతో గీక్కుంటూ అన్నాడు.

"ఎప్పుడన్నావు?"

"శనివారం."

"మతి గానీ పోయిందా మీకు? శనివారం కాలవ వదుల్తున్నారు."

కాలవకి తొలినీళ్లు వదిలే రోజు ఈ చుట్టుపక్కల రైతన్నవాడెవడూ తూము దగ్గరినుంచి కదలడు. గండి పడితే ఆ వంతు నీళ్లు పోయినట్టే. పెళ్లిళ్లు కూడా ఆ రోజు పెట్టుకోరు. పొలం ఉన్న రోజుల్లో మా బావ ఈ తప్పు చేసేవాడు కాదు.

ఆయన దుకాణంలోకి దూసుకెళ్లి అడిగాను. మొహం వెలవెలబోయింది పాపం.

"అనుమతి కాగితాలొచ్చేశాయి వెల్డా. శనివారమే."

"ఆదివారానికి మార్చు."

"ఆదివారం బండెక్కుతావా? నువ్వు?"

ఎక్కను. ఇక్కడెవరం ఎక్కం. ఆ రోజు దేవుడిది. అది ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. తలుపు గట్టిగా వేసి వచ్చేశాను.

వెర్లన్ మాత్రం అన్నాడు: "నీళ్లొచ్చాక మడవలు కట్టేసి, కుదిరితే వస్తాం. మాట మాత్రం ఇవ్వను."

శనివారం కొండ కింద పంజరాలు బారులు తీరాయి. క్లబ్బు గుడారం ముందు మా బావ దుకాణంలో మిగిలిన ఆఖరి నాలుగొందల బండిని, చక్రానికి మట్టి కూడా అంటని దాన్ని, తెచ్చి పెట్టాడు. పైన బ్యానరు: 'వీడ్కోలు, పాత మిత్రమా.' పక్కనే పార, గోడకెక్కడానికి సిద్ధంగా. ఆ బ్యానరు పీకి పారేద్దామనిపించింది. మా అక్క నా చెయ్యి పట్టుకుని, "తిను ముందు" అని దుంపల పళ్లెం చేతిలో పెట్టింది. తినలేకపోయాను.

గీత మీద మూడు బళ్లు. అటూ ఇటూ ఎవరూ లేరు.

పన్నెండు కావస్తుండగా పొలాలవైపు దుమ్ము లేచింది. ముందు వెర్లన్. వెనక ఇంకో ముగ్గురు, నీళ్లలో దిగే రబ్బరు బూట్లతోనే, మోకాళ్ల దాకా బురదతో. బండి వెనక పారలు టకటక కొట్టుకుంటున్నాయి. సిగ్గు విడిచి గంతులేశాను.

"కాలవ ఎలా ఉంది?" అని అరిచాను.

"గట్టు ఆగింది! ఆగినంతసేపే మేం ఇక్కడ!"

మా బావ ఎదురొచ్చాడు. బళ్ల వెనక్కి చూసి తలాడించాడు. "జెండాలేవి?"

ఈ నియమం మీద నేనూ గొడవపడను. ప్రతి బండికీ నేలనుంచి ఎనిమిదడుగుల ఎత్తున నారింజ జెండా ఎగరాలి. కొండకి అవతలినుంచి ఎక్కేవాడికి ఇవతలివాడు కనిపించడు. జెండా ఒక్కటే కనిపిస్తుంది. జెండా లేక ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లని ఎరుగుదును. పొలంలో ఎవడికి కావాలి జెండా? నలుగురికీ లేదు.

"నావల్ల కాదు వెర్లన్. ప్రాణాలతో పని" అన్నాడు బావ. గొంతులో నిజంగానే బాధ ఉంది.

వెర్లన్ బండి ముందు చుట్టి కట్టుకున్న అడ్డుగుడ్డ విప్పాడు. కాలవలో నీళ్లు ఆపడానికి కర్రకి వేలాడదీసే మందపాటి ప్లాస్టిక్ గుడ్డ అది. నారింజ రంగు. ఈ ఏడాదే కొన్నాడని మడతలే చెప్తున్నాయి. జేబులోంచి కత్తి తీశాడు.

"ఒరే, కొత్తది కదరా!" అన్నాడు అతని పక్కవాడు. "సాయంత్రం మడవ తిప్పడానికి ఏం పెడతావు?"

"నేనే అడ్డం పడుకుంటాలే. పట్టుకో ఆ కొస."

పరపరా చీల్చాడు. పారల్ని బళ్ల వెనక గొట్టానికి నిటారుగా బిగించి, కర్రల కొసన ఆ పీలికలు కట్టారు. మా బావ టేపు తెచ్చి ఒక్కొక్కటీ కొలిచాడు. కొలిచి, నాకేసి చూసి, "సరిపోయాయి" అన్నాడు.

"ఏడు" అని కూడా అన్నాడు. "ఎనిమిది కావాలి వెల్డా. నియమం నియమమే. పన్నెండయింది."

మనుషులు తూములు వదిలేసి వచ్చారు, కొత్త గుడ్డ కోశారు, ఇంకా ఒకటి తక్కువట! ఏదో అనబోయాను. ఈలోగా మా అక్క దుంపల గరిటె పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, గుడారంలోంచి బయటికొచ్చింది.

"తాళం ఇవ్వు థేన్."

"ఏం తాళం?"

"ఈ బండి తాళం."

"అది చూడ్డానికి పెట్టింది లారూ!"

"చూశాంగా." అక్క ఆ బ్యానరు కింద తల వంచి దూరి, కొత్త బండి సీటు మీద కాలు వేసి కూర్చుంది. "గీత మీద ఎనిమిది బళ్లు అన్నావు. కొత్తదా పాతదా అని నువ్వేం చెప్పలేదు. తీర్మానం చదివినప్పుడు వెనక్కూర్చుని బిస్కట్లు పంచింది నేనే, నాకు గుర్తుంది."

"ఒకసారి ఇసుకలోకి దిగితే దాన్ని ఇంక కొత్తదని అమ్మలేం!"

"అమ్మకు."

"పెట్రోలు కూడా లేదందులో!"

వెర్లన్ బండికి కట్టిన డబ్బా తెచ్చి మూత తిప్పాడు. పెట్రోలు గుడగుడమని దిగుతుంటే జనమంతా చప్పుడు చేయకుండా విన్నారు. పంజరాల్లో పాటలు కూడా ఆపేశారు.

మా అక్క మొగుడి వంక చూసింది. పెళ్లికాకముందు ఈ కొండ మీద నన్నెప్పుడూ గెలవనిచ్చేది కాదు. పార కర్ర మీద అన్నిటికంటే పైనున్న పేరు ఆమెదే. "నీ పక్క సీట్లో చాలా ఏళ్లు కూర్చున్నాను థేన్. బాగానే ఉంది, కాదనను. ఇవాళ నా సీట్లో కూర్చుంటాను."

మా బావ జేబులోంచి తాళం తీసి ఇచ్చాడు. మిగిలిన నారింజ పీలిక ఏరుకొచ్చి, గుడారపు కర్ర ఒకటి పీకి, ఆ బండికి జెండా తనే కట్టాడు. గట్టిగా ఉందో లేదో రెండుసార్లు లాగి చూశాడు. వీడ్కోలు బ్యానరు ఒక పక్క ఊడి వేలాడింది. ఎవరూ సరిచేయలేదు.

ఎనిమిది ఇంజన్లూ ఒక్కసారి లేచాయి. ఆ మోత ఛాతీలోకి దిగింది. నేను అరుస్తున్నాను, ఏమని అరిచానో నాకే తెలీదు.

వెర్లన్ గెలిచాడు. నాది మూడో చోటు, ప్లగ్గు తడవలేదు. మా అక్క బండికి ఉన్నవి ఇసుక టైర్లు కావు, నున్నటి దుకాణం టైర్లు. శిఖరానికి కాస్త కింద వెనక చక్రాలు కూరుకుపోయాయి. దిగి, హెల్మెట్ తీసి, నోట్లో ఇసుక ఊసి, విరగబడి నవ్వింది. మేం పైనుంచి దిగి తోశాం. తోసి తోసి పైకి తెచ్చాం.

పార మీద పేరు కాల్చడానికి బావ నెగడు రాజేయబోతుంటే వెర్లన్ అడ్డుపడ్డాడు. "టైం లేదు. నా వంతు అయిపోవస్తోంది, మడవ తిప్పాలి. పేరు తర్వాత రాద్దాం." జెండా కట్టిన తన పార విప్పే ఓపిక లేక, గెలిచిన పారనే ఒళ్లో అడ్డంగా పెట్టుకుని బండి తోలాడు.

"వెర్లన్! అది బహుమతిరా! బురదలో పెట్టకు!" అని అరిచాడు బావ.

"పారే కదా!" అన్న మాట దుమ్ములోంచి వినిపించింది.

సోమవారం పొద్దున బస్సులోంచి చూశాను. వెర్లన్ చేలో, కాలవ మలుపు దగ్గర, పేర్లన్నీ ఉన్న ఆ పార సగం దాకా మట్టిలో దిగి ఉంది. నీళ్లు చాళ్లలోకి చక్కగా మళ్లుతున్నాయి. పక్కనే బండి, దాని వెనక నారింజ పీలిక ఇంకా ఎగురుతోంది. హారను గట్టిగా మోగించాను. పిల్లలందరూ ఉలిక్కిపడ్డారు.

మధ్యాహ్నం మా బావ ఫోన్ చేశాడు. కొత్త బండి దుకాణానికి తిరిగి రాలేదట, అక్క తన గరాజులో పెట్టి తాళం వేసుకుందట.

"కంపెనీ వాళ్లకి మళ్లీ ఫోన్ చేశా వెల్డా. వచ్చే ఏడాది నాలుగొందలు తెస్తారో లేదో ఇంకా తేల్లేదంటున్నారు."

"వాళ్లు తెస్తారో మానేస్తారో వాళ్లిష్టం బావా. వాళ్లనెవరు అడగమన్నారు? వచ్చే ఏడాది పోటీకి తేదీ పెట్టేముందు, కాలవ ఎప్పుడు వదుల్తారో అడుగు."