పందిట్లో మిరప కొమ్మ

కాగితం కోయడం ఆ మెషీన్‌కి రాదని గౌస్ బాషా అన్న ముందే చెప్పాడు. అలా చెప్పకపోయి ఉంటే నేనూ ఊరుకునేదాన్నేమో.

చీరాల స్టేషన్ రోడ్డులో ఆయనది స్టిక్కర్ల షాపు. బైకుల నంబర్లు, ఆటోల వెనక దేవుళ్లు, కార్ల అద్దాల మీద పిల్లల పేర్లు, అన్నీ ఆ మెషీనే కోస్తుంది. కంప్యూటర్లో బొమ్మ గీసిస్తే చాలు, గోరంత బ్లేడు పట్టుకుని కీచుమంటూ అటూ ఇటూ తిరుగుతుంది. డిజైన్లు చేసే కుర్రాడు మానేశాడని ఆ సీట్లో నన్ను కూర్చోబెట్టాడు. నేను బీటెక్ పాసయ్యాను, క్యాంపస్‌లో ఉద్యోగమూ వచ్చింది. కానీ అమెరికాలో ఏవో బ్యాంకులు కూలాయట, మా జాయినింగ్ డేటు వాటి కింద ఇరుక్కుంది. అందుకని 2009 ఉగాదికి నేను ఆటోల వెనక "చూసి ఓర్వలేవా" అని కోస్తున్నాను.

శ్రీరామనవమికి మా నేతవీధిలో ఉగాది వెళ్లగానే పందిరి లేస్తుంది. ఈసారి పక్కవీధి వాళ్లు గుంటూరు నుంచి ప్లాస్టిక్ తోరణాలు తెప్పించారని తెలిసి, మా కమిటీ ఉదయ్ కుమార్‌కి అన్నం సహించడం లేదు.

"నీ మెషీన్‌తో ఏమన్నా చెయ్యవే సౌజన్యా. వాళ్ల మొహాలు మాడిపోవాల" అన్నాడు.

మొదటిరోజు గులాబిరంగు పలచ కాగితం పెట్టాను. బ్లేడు తగలగానే ముడుచుకుపోయి చిరిగింది. బ్లేడు ఒత్తిడి తగ్గిస్తే గీత పడింది గానీ తెగలేదు. పెంచితే రోలరుకి చుట్టుకుంది.

"చెప్పానా?" అన్నాడు బాషా అన్న, టీ తాగుతూ.

స్టిక్కరు ఎందుకు తెగుతుందో, కాగితం ఎందుకు తెగదో ఆలోచించాను. స్టిక్కరుకి వెనక అట్ట ఉంటుంది, అది కదలనివ్వదు. మరి కాగితాన్ని కూడా దేనికైనా అంటిస్తే? పాడైన స్టిక్కరు షీటు తీసి, జిగురు వైపు మీద కాగితం పరిచాను. అద్భుతంగా తెగింది. కాకపోతే ఊడి రాలేదు, జిగురు దాన్ని వదల్లేదు. చివరికి ఆ జిగురుని నా చున్నీకి నాలుగుసార్లు అద్ది, దాని పట్టు సగం చచ్చాక కాగితం అంటించాను. అప్పుడు తెగింది, ఊడింది కూడా. చున్నీ ఇప్పటికీ దేనికి తగిలితే దానికి అంటుకుంటుంది, అది వేరే సంగతి.

ఇక నన్ను ఎవరూ ఆపలేకపోయారు. గులాబీలు కోశాను, సీతాకోకచిలకలు కోశాను. బాగానే ఉన్నాయి గానీ, ఏ పెళ్లికార్డు మీదైనా ఉండేవే అవి. ఈ బ్లేడు ఎంత సన్నటి పని చేయగలదో చూడాలనిపించింది. నా పెన్ డ్రైవ్‌లో అంత సన్నటి పని ఒక్కటే ఉంది. నాన్న మిరప కొమ్మ.

నాన్న చెంచురామయ్య పట్టంచు కుప్పడం చీరలు నేయిస్తాడు. క్రితం ఏడు గుంటూరు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, మిర్చి చేలల్లో ఒకే కొమ్మకి తెల్లపూలూ ఎర్రకాయలూ చూసొచ్చి, అదే అంచుగా వేస్తానన్నాడు.

"పట్టంచు మీద మిరపకాయలేంటయ్యా, పెళ్లికూతురికి దిష్టి తీస్తారా?" అంది అమ్మ.

నాన్న వినలేదు. ఆయన గ్రాఫు కాగితం మీద గీసిన కొమ్మని నేనే కంప్యూటర్లో గడీ గడీ నింపాను. ఒక్కో గడి ఒక్కో దారం. దాన్ని బట్టే జాకార్డు అట్టలకి చిల్లులు పడతాయి, అట్టలో చిల్లు ఉన్నచోట మగ్గం మీద దారం పైకి లేస్తుంది. ఈ పెళ్లిళ్ల సీజన్‌కి నాన్న నమ్ముకున్నది ఆ ఒక్క అంచునే. ఇంకా మొదటి చీర కూడా మగ్గం దిగలేదు. మా వీధిలో కొత్త డిజైను మగ్గం మీదుంటే, ఇంటికొచ్చిన వాళ్లకి మంచినీళ్లివ్వడం తర్వాత, ముందు మగ్గం మీద దుప్పటి కప్పుతారు.

ఇదంతా తెలిసే ఆ ఫైలు తెరిచాను. చీర మీదది రహస్యం గానీ కాగితం మీదది కాదు కదా అనుకున్నాను. బీటెక్ చదివితే ఇలాంటి ఆలోచనలే వస్తాయి.

కొమ్మని జానెడు నుంచి మూరెడుకి పెంచాను. గడులన్నీ మెట్లుమెట్లుగా కనబడ్డాయి. నున్నగా చేద్దామనుకుని, మెట్లతోనే అందంగా ఉందని వదిలేశాను. బ్లేడు ఒక్క మెట్టూ తప్పకుండా కోసింది. ఎత్తి వెలుతురుకి పట్టుకుంటే, బాషా అన్న టీ గ్లాసు కింద పెట్టి లేచి వచ్చాడు.

"దీన్ని కాగితం అంటే ఎవరన్నా నమ్ముతారా?" అన్నాడు.

నాన్న నూలుకి రంగులేయించడానికి మంగళగిరి వెళ్లి ఉన్నాడు. అడగాలన్న ఆలోచనే రాలేదు. మర్నాడు పొద్దున ఉదయ్ కుమార్ గులాబీలతో, సీతాకోకచిలకలతో పాటు మిరప కొమ్మల దండలు కూడా పందిరి పొడుగునా కట్టేశాడు. పక్కవీధి వాళ్లు సైకిళ్లు దిగి మరీ చూశారు. నేను మా అరుగు మీద కూర్చుని, ఆఫీసులో జీతం తీసుకుంటున్నంత గర్వంగా ఫీలయ్యాను.

మధ్యాహ్నానికి ఒక వింత గమనించాను. గులాబీల కింద ఎవరూ ఆగడం లేదు. అందరూ మిరప కొమ్మ కిందే ఆగుతున్నారు. ఎదురింటి శ్రీమన్నారాయణ బాబాయ్ అయితే మెడ పైకెత్తి, కుడిచేతి బొటనవేలితో మిగతా వేళ్ల కణుపులు తాకుతూ నిలబడ్డాడు. ఆయనా చీరలే నేయిస్తాడు. మంత్రమేదో జపిస్తున్నాడనుకుని దగ్గరికెళ్లాను.

"...పద్నాలుగు, రెండొదిలి మూడు, ఒకటొదిలి..." అంటున్నాడు.

ఆయన లెక్కపెడుతున్నది కొమ్మ మెట్లని, అంటే మా దారాలని. అది కాగితం కాదు. మా ఇంటి గ్రాఫుని మూరెడు చేసి, వీధి నడిమధ్య వేలాడదీశాను.

"అమ్మాయ్, ఈ కొమ్మ ఏ పుస్తకంలోదమ్మా?" అన్నాడాయన నన్ను చూసి, చాలా ప్రేమగా.

"ఏదో ఇంటర్నెట్లో దొరికింది బాబాయ్."

"ఇంటర్నెట్లో మిరపకాయలు కూడా పండిస్తున్నారా!" అని నవ్వి, మళ్లీ పైకి చూశాడు. ఇంతలో లోపల్నుంచి పిన్ని భోజనానికి కేకేసింది. "పువ్వయిపోయింది, కాయలు అన్నం తిన్నాక" అని ఆయన తనలో తను అనుకోవడం నాకు వినబడింది.

నేను పరుగెత్తి ఉదయ్ కుమార్‌ని పట్టుకున్నాను. "ఒరేయ్, ఆ మిరప దండలు విప్పెయ్యరా!"

"పిచ్చా నీకు? రాముడి పందిట్లో కట్టిన తోరణం కల్యాణం కాకుండా విప్పుతారా? మా నాయనమ్మ నన్ను చీపురుతో కొడద్ది."

వాడు చెప్పింది నిజమే. నాంచారమ్మ గారు ఆ విషయంలో తన మనవడినే కాదు, కలెక్టర్నైనా కొడుతుంది.

ఇంటికెళితే అమ్మ విషయమంతా విని, తల పట్టుకోలేదు, తిట్టలేదు. దానికే నాకు భయం వేసింది. "మీ నాన్న రేపు పొద్దున బండికి దిగుతాడు. అప్పటికి ఏం చేస్తావో చెయ్యి" అంది, అంతే.

అరుగు మీద కూర్చుని ఆలోచించాను. తీసెయ్యడానికి లేదు. కలపడానికి ఏమన్నా అడ్డమా? చదివేవాడికి అక్షరం దొరక్కుండా చేయలేకపోతే, వంద పుస్తకాలు ముందు పోసి ఇందులో ఏదో ఒకటి నిజం అనొచ్చు. లేచి షాపుకి పరుగెత్తాను.

కొమ్మని కాపీ చేశాను. పువ్వుకి ఒక రెక్క చేర్చాను. ఇంకో కాపీలో తొడిమ అటు తిప్పాను. ఒకదాంట్లో కాయలు లావు చేశాను, ఒకదాంట్లో ఆకుల్ని కిందికి వేలాడదీశాను. తొందరలో మౌసు జారి ఒకదాంట్లో కాయల కొనలన్నీ పైకి లేచాయి. సరిచేసే తీరిక లేక అలాగే వదిలేశాను. బాషా అన్న సాయంత్రం బేరాలన్నీ "రేపు రండి" అని పంపించేసి, కోసిన కాగితాలు సూదితో ఊడబెరికే పనికి కూర్చున్నాడు.

"ఇందులో అసల్ది ఏదమ్మా?" అన్నాడు కాసేపయ్యాక.

"ఏమో అన్నా."

"అయితే పని అయినట్టే" అన్నాడు.

పొద్దు గూకకముందే ఉదయ్ కుమార్ నిచ్చెనెక్కాడు. మా అదృష్టం కొద్దీ, అన్నం తిన్న బాబాయ్ ఇంకా కునుకులోంచి లేవలేదు. కొత్త దండలకి చోటు చేయాలంటే పాత దండల్ని వెదురు మీద అటూ ఇటూ జరపాల్సి వచ్చింది. విప్పకూడదు గానీ జరపకూడదని నాంచారమ్మ గారు కూడా అనలేదు. ఆమె అరుగు మీంచి చూస్తూ, "ఇన్ని మిరపకాయలు కట్టారు, పచ్చడి పెట్టొచ్చు" అంది.

మర్నాడు పొద్దున్నే శ్రీమన్నారాయణ బాబాయ్ జేబులో గ్రాఫు కాగితం మడత, చెవి మీద పెన్సిలు పెట్టుకుని పందిట్లోకి వచ్చాడు. నిన్న నిలబడ్డ చోటే నిలబడి తలెత్తాడు. కాగితం చూశాడు, పైకి చూశాడు. పక్కకి నడిచి మళ్లీ చూశాడు. ఆయన మొహంలో కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువ కనబడింది.

"నిన్న ఈ పువ్వుకి అయిదు రెక్కలే గదమ్మాయ్, ఇయ్యాల ఆరున్నాయేంది?"

"ఎండకి విచ్చుకుందేమో బాబాయ్."

ఆయన నా వంక ఒక చూపు చూసి, పెన్సిలు చెవి మీంచి తీసి మళ్లీ చెవి మీదే పెట్టుకున్నాడు.

సరిగ్గా అప్పుడే వీధి చివర నాన్న రిక్షా దిగాడు. నూలు మూట దింపించి, పందిరి వైపు నడుస్తూ నడుస్తూ ఆగిపోయాడు. తల పైకి లేచింది. బొటనవేలు కణుపుల మీదికి పోయింది. నేను ఎదురెళ్లి, గొంతు తగ్గించి, జరిగిందంతా ఒక్క ఊపిరిలో చెప్పాను. నాన్న నా వైపు చూడనే లేదు. ఒక కొమ్మ కింద నుంచి ఇంకో కొమ్మ కిందికి నడిచాడు. దాని కింద నుంచి ఇంకోదాని కిందికి. మౌసు జారిన కొమ్మ కింద ఆగాడు. ఎంతసేపు ఆగాడంటే, తిట్టడానికి మాటలు వెతుక్కుంటున్నాడనుకున్నాను.

"ఇది గీసిందెవరు?"

"గీయలేదు నాన్నా. చెడిపోయింది."

"కాయ పైకి తిరిగితే కొమ్మ బరువు తగ్గింది" అన్నాడు, నాతో కాదు, కాగితంతో. "పదిరోజుల నుంచి అంచు కిందికి లాగినట్టు ఉందని చూస్తన్నా. ఎక్కడో తెలియలా. ఎన్ని అట్టలు మార్చాలంటావ్?"

"కాయలున్న అట్టలు చాలు. కానీ నాన్నా, నువ్వు తిట్టవా?"

"తర్వాత. ముందు తల దించు."

"ఏంటి?"

"తల దించవే! దానికేసి చూడమాక. ఎనకాల మీ బాబాయ్ మనం ఏది చూస్తామా అని చూస్తన్నాడు."

ఓరగా చూశాను. నిజమే. శ్రీమన్నారాయణ బాబాయ్ పందిరి గుంజని ఆనుకుని, మా మెడలు ఎటు తిరిగితే అటు తిరుగుతున్నాడు.

నాన్న నా భుజం మీద చెయ్యేసి, మంగళగిరిలో ఎండలెలా ఉన్నాయో చెబుతూ తాపీగా పందిరి చివరిదాకా నడిపించాడు. అక్కడ, కాయలు వంకాయల్లా లావెక్కి, ఆకులు చచ్చినట్టు వేలాడుతున్న కొమ్మ ఒకటుంది. నేను కోసినవాటిలో అంతకంటే దరిద్రమైనది లేదు. నాన్న దాని కింద ఆగి, రెండు చేతులూ నడుమున పెట్టుకుని తలెత్తాడు.

"ఆహా! అచ్చం నేను గీసినట్టే కోసిందే నీ మెషీను" అన్నాడు, వీధంతా వినబడేలా. "చూడు ఆ కాయ ఎంత నిండుగా ఉందో!"

నేనూ తలెత్తాను. నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంటూ, "అవును నాన్నా" అన్నాను.

వెనక ఎక్కడో గ్రాఫు కాగితం మడత విప్పిన చప్పుడైంది.