ఏడో పోర్టు నకలు

నేను ఒక నెట్‌వర్క్ స్విచ్చిని. గోడమీద టక్కున నొక్కితే ఫ్యాను తిరిగే స్విచ్చి కాదు లెండి, దానికున్న గుర్తింపు నాకెక్కడిది! కాకినాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రి, మెట్ల కింద చీకటి గది, అందులో ఇనప బీరువా, ఆ బీరువాలో నేను. ఒంటికి ఇరవై నాలుగు రంధ్రాలు. పోర్టులంటారు వాటిని. ఒక్కో పోర్టులో ఒక్కో తీగ, ఆ తీగ చివర ఒక్కో కంప్యూటరో ఫోనో. ఆసుపత్రిలో ఎవరు ఎవరికి ఏం పంపినా నా గుండానే పోవాలి. నేను పుట్టిన ఫ్యాక్టరీ ఏ దేశంలో ఉందో నాకే తెలీదు. బిగించారు, పరీక్షించారు, అట్టపెట్టెలో పెట్టి పంపించేశారు.

పెట్టె విప్పింది నూకరాజు. ఆసుపత్రి కంప్యూటర్లన్నీ చూసుకునేది అతనే. మంచివాడే గానీ ఒట్టి కంగారు మనిషి. ఏడో పోర్టు సువార్తమ్మగారిది. ఇరవై రెండేళ్ళుగా రికార్డుల గదిలో రోగుల పరీక్షల రిపోర్టులు భద్రపరిచేది ఆవిడే. నూకరాజుని ఆసుపత్రి యజమాని డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్ళి, "నాదీ పూచీ" అని ఉద్యోగం ఇప్పించిందీ ఆవిడే. అతను అక్కా అంటాడు, ఆవిడ నాన్నా అంటుంది.

ఒకరోజు ఒకాయన వచ్చి హాల్లో గొడవ పెట్టేశాడు. "మా చెల్లెలి జబ్బు సంగతి ఊరందరి ఫోన్లలోకీ ఎలా వచ్చిందండీ? మీరు అమ్ముకుంటున్నారా?" అని. డాక్టరు గారి ముఖం కందిపోయింది. నూకరాజుని పిలిచి, ఎవరి కంప్యూటర్లోంచి పోతున్నాయో వారంలో తేల్చమన్నారు.

రిపోర్టులుండేది సువార్తమ్మగారి కంప్యూటర్లో కాబట్టి అతను ఏడో పోర్టుకి మిర్రరింగ్ పెట్టాడు. అంటే, అక్కడ నడిచే ప్రతి ముక్కకీ నకలు తీసి ఇరవై మూడో పోర్టుకి పంపమని నాకు చెప్పడం. అక్కడ తన ల్యాప్‌టాప్ తగిలించుకుని చదువుకుంటాడు. ఆవిడకి తెలీను కూడా తెలీదు. అయితే నాకు చెప్పేటప్పుడు ఒక సంగతి స్పష్టంగా చెప్పాలి: కంప్యూటరు నుంచి వచ్చేది కావాలా, కంప్యూటరుకి పోయేది కావాలా, రెండూనా? మన నూకరాజు ఇదివరకటి ఉద్యోగి రాసిపెట్టిన కాగితం చూసి ఉన్నదున్నట్టు టైపు చేసేశాడు. అందులో ఉన్నది వచ్చేది ఒక్కటే. ఒరే అబ్బాయ్, రెండో వైపు వదిలేశావురా అని అరుద్దామంటే నాకు నోరేదీ? ఉన్నవల్లా మిణుకుమనే పచ్చ దీపాలు.

మర్నాడు పొద్దున సరిగ్గా పదకొండు గంటలకి ఏడో పోర్టు నుంచి రిపోర్టులు కట్టలు కట్టలుగా బయటికి పోయాయి. ఆ వేళకి ఆవిడ కుర్చీలోనే ఉంది, ముందు టీ గ్లాసు. ఆ రిపోర్టులు ఇమ్మని అంతకు ముందు క్షణమే బయటి నుంచి ఒక ఆజ్ఞ వచ్చింది. అదీ నా గుండానే వచ్చింది. కానీ ఆ వైపు నకలు నన్నెవరూ అడగలేదు. ఆ ఆజ్ఞ వచ్చిన దారి సంగతి ఇంకా ఘోరం. రిపోర్టుల సాఫ్ట్‌వేరు బాగుచేసేవాళ్ళ కోసం ఎప్పుడో నూకరాజే తెరిచి, మూయడం మరిచిపోయిన దారి అది.

అతని ల్యాప్‌టాప్‌లో మాత్రం ఆ కంప్యూటరు ఎవరూ అడక్కుండానే పంపుతున్నట్టు కనిపించింది. వరసగా మూడు రోజులు చూసి డాక్టరు గారికి చూపించాడు.

ఆవిడని పిలిచారు. ఆవిడ డాక్టరు గారి వైపు చూడలేదు. "నూకరాజూ, నువ్వు చూశావా నాన్నా?" అంది.

"మిషను అబద్ధం చెప్పదక్కా," అన్నాడు, తల వంచుకుని.

ఉద్యోగం వదిలి వెళ్ళిపోయింది మహాతల్లి. సాయంత్రానికల్లా వీధిలోనూ చర్చిలోనూ రోగుల జబ్బులు అమ్ముకున్న మనిషని పేరు పడిపోయింది. దొంగ దొరికాక కాపలా ఎందుకని మిర్రరింగ్ ఆపేశారు. పెట్టిన సెట్టింగు మాత్రం నాలోంచి ఎవరూ తుడిచెయ్యలేదు.

ఆరు నెలలకి ఇంకొకావిడ అదే గొడవతో వచ్చింది. నూకరాజు మళ్ళీ నా ముందు కూర్చున్నాడు. ఈసారి కంగారు పడకుండా పాత సెట్టింగు చదివాడు. అందులో ఉన్నది ఒక్కవైపే. తర్వాత రెండు వైపులా పెట్టి చూశాడు. పదకొండయింది. ఆజ్ఞ వచ్చింది, రిపోర్టులు కదిలాయి. "ఓరి దేవుడా, ఇది నేను తెరిచిన దారే" అన్నాడు.

డాక్టరు గారికి చెప్పాడు. ఆయన చాలాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చుని, "ఆ దారి మూసెయ్. అయిందేదో అయింది, ఆసుపత్రి పరువు చూసుకోవాలి. బయట నోరు జారావంటే నీ ఉద్యోగం నువ్వు పోగొట్టుకున్నట్టే," అన్నారు.

నూకరాజు దారి మూసేశాడు. మూసేసి, మెట్ల పక్కనున్న ఆఫీసు ఫోను తీశాడు. పంతొమ్మిదో పోర్టు అది.

"హలో," అంది సువార్తమ్మగారు.

ఇతను రిసీవరు రెండు చేతులా పట్టుకున్నాడు.

"ఎవరండీ? హలో!" అంతలో గొంతు మారింది. "నూకరాజూ, నువ్వేనా నాన్నా? చెప్పు, ఏంటి?"

మిగతా పోర్టులన్నీ ఆపేసి ఆ ఒక్క మాటా మోసుకెళ్ళడానికి సిద్ధంగా ఉన్నాను. అతని ఊపిరి తప్ప ఏమీ రాలేదు. ఫోను పెట్టేశాడు.

తర్వాతి వారమే కొత్త స్విచ్చి వచ్చింది. నన్ను ఊడదీసి పాత మంచాలూ విరిగిన స్ట్రెచర్లూ ఉన్న షెడ్డులో పడేశారు. రెండు వైపులా పెట్టిన సెట్టింగుని నూకరాజు భద్రం చేయలేదు, కరెంటు తీయగానే అది పోయింది. ఆ పాత ఒంటివైపు సెట్టింగు మాత్రం నాలో చెక్కుచెదరకుండా ఉంది. ఎవరైనా కరెంటిచ్చి అడిగితే ఒక్కవైపే చూసి సువార్తమ్మగారి మీద నింద వేశారని తెలిసిపోతుంది.

గురువారం పాతసామాన్లవాడు వచ్చి చూసి వెళ్ళాడు. అతనికి కావలసింది నాలోని రాగి.