గిటారుకు చిగుళ్ళు

పళ్ళాయన కింది దవడకు నాలుగో పన్ను నిలబెట్టి, వేడి కత్తితో చుట్టూ మైనం దిద్దుతుండగా బల్లమీద దబ్బుమని ఒక గిటారు వచ్చి పడింది. అప్పటిదాకా బుద్ధిగా వరసలో ఉన్న మూడు పళ్ళూ ఉలిక్కిపడి మూడు దిక్కులకు తిరిగాయి. తలెత్తి చూస్తే ఎదురుగా భార్య, చేతిలో మధ్యాహ్నం క్యారేజీ.

"సాయంత్రం ఆరింటికల్లా ఇది బాగుపడాలండీ," అందావిడ.

"ఇది గిటారు."

"కనపడుతూనే ఉంది."

"నేను చేసేది పళ్ళు."

"అయితే ఏం? ఆకురాళ్ళున్నాయి, జిగురుంది, భూతద్దం ఉంది. ఇంకేం కావాలి?" క్యారేజీని గిటారు పక్కన పెట్టి, "అన్నయ్య ఉద్యోగం మీ చేతుల్లో ఉంది," అని మారుమాటకు సందివ్వకుండా వెళ్ళిపోయింది.

పళ్ళ డాక్టరుగారి ఆస్పత్రి వెనకవైపు, మెట్లకింద ఉంటుంది ఆ గది. నిటారుగా నిలబడాలంటే నట్టనడుమకు రావాలి. గోడవైపు వెళ్ళేకొద్దీ తల వంచాలి. పళ్ళాయన పుట్టుకతోనే తల వంచుకునే మనిషి కనక ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఒక్కసారి కూడా నెత్తికి బొప్పి కట్టలేదు. అరల నిండా తెల్లటి సుద్ద దవడలు, ఒక్కోదానిమీద ఒక్కో నంబరు. ఊళ్ళో నవ్వే ముసలివాళ్ళలో సగం మంది ఆయన చేతి నవ్వే నవ్వుతున్నారు. కాని ఎవరూ ఆయన్ని ఎరగరు. కొత్త పళ్ళు రాగానే అందరూ డాక్టరుగారి చేతులు పట్టుకుంటారు. దానిమీద ఆయనకు ఫిర్యాదేమీ లేదు. మంచి పళ్ళసెట్టంటే నోట్లో అది ఉన్నట్టు పరాయివాడికి తెలియకూడదు. చేసినవాడి సంగతీ అంతేనని ఆయన లెక్క.

గిటారు ఆయన బావది. భార్యకు సొంత అన్న, పై వాటాలో ఒంటరిగా ఉంటాడు. ఏటిగట్టు హోటల్లో ఇరవై ఆరేళ్ళుగా, సాయంత్రం భోజనాలకు వచ్చేవాళ్ళ ముందు గిటారు వాయిస్తున్నాడు. ఊరు అతనికి పెట్టిన పేరు 'ఒక్కనిమిషం'. ప్రతి పాట చివరా చెయ్యి పైకెత్తి, "ఒక్క నిమిషం! శృతి పోయింది," అంటాడు. బిరడాలు తిప్పుతాడు, ఏదో పిట్టకథ చెబుతాడు, వెనక్కి వంగి ఆంప్లిఫయరు పెట్టె మీటలేవో సవరించుకుంటాడు. ఆ నిమిషం మూడు నిమిషాలవుతుంది. పాట రెండున్నర నిమిషాలుంటుంది.

పాత మేనేజరుకు ఇదంతా అలవాటే. నెల కిందట కొత్తాయన వచ్చాడు. ఆయన చేతికి గడియారం, నోటికి తొందర. నిన్న పిలిచి, "రేపు ఒక్కసారి ఆగినా ఎల్లుండి నుంచి మీరు రానక్కర్లేదు. కీబోర్డు కుర్రాడొక్కడు చాలు," అన్నాడు. అంతటితో ఊరుకోకుండా ఆడలేక మద్దెల ఓడన్న సామెత కూడా చెప్పాడట. ఆ సామెత విన్నప్పటి నుంచి పళ్ళాయన భార్యకు నిద్ర లేదు. "మా అన్నయ్య ఆడగలడు. మద్దెలే ఓడు. అది బాగుచేసి వాడి మొహాన కొట్టాలి," అని తెల్లారేసరికి తీర్మానం చేసేసింది.

పళ్ళాయన చేతులు కడుక్కుని గిటారును ఒళ్ళోకి తీసుకున్నాడు. ఆయనకు సంగీతం తెలియదు. రాపిడి తెలుసు. ఒక బిరడాను మెల్లగా తిప్పాడు. తీగ కదల్లేదు. ఇంకాస్త తిప్పాడు. 'టిక్' మని గెంతింది.

"అదీ సంగతి," అన్నాడు సుద్ద దవడలతో.

మెడ చివర తీగలన్నీ ఆనుకునే చిన్న గాట్ల పట్టీ ఉంది. భూతద్దం పెట్టి చూస్తే గాట్లు అడుగున ఇరుకైపోయి ఉన్నాయి. వాయించేటప్పుడు తీగ సాగుతుంది, కాని సాగినదంతా వెనక్కి రాదు. అలిగి వెళ్ళిన మనిషిలాగా గాటులోనే బిగుసుకు కూర్చుంటుంది. బిరడాలకు తీగను పది పన్నెండు చుట్లు చుట్టి ఉంచాడు బావ. ఎన్ని చుట్లుంటే అంత గట్టి అనుకున్నాడు కాబోలు. వాయించినకొద్దీ ఆ చుట్లు ఒకదానిమీద ఒకటి జారుతూనే ఉంటాయి. బిరడాల మరలు వేలితో తాకితేనే కదిలాయి. వెనక మూత విప్పితే లోపల అయిదు స్ప్రింగులు. తీగల్ని ఊపి స్వరం వణికించడానికి ముందువైపు ఒక కడ్డీ ఉంది. ఆ కడ్డీ కోసమే అవన్నీ. ఇరవై ఆరేళ్ళలో బావ దాన్ని చేతిరుమాలు తగిలించుకోడానికి తప్ప వాడగా ఆయన చూడలేదు.

డాక్టరుగారు తలుపు సందులోంచి తొంగిచూశారు. "టీచరమ్మగారి పళ్ళెంతవరకు వచ్చాయయ్యా?"

"మైనంలో ఉన్నాయండీ."

"ఆ గిటారేంటి?"

పళ్ళాయనకు అబద్ధం అలవాటు లేదు. తొందరలో నోటికొచ్చింది అనేశాడు. "ఇదీ ఒక పై దవడేనండీ."

డాక్టరుగారు కాసేపు ఆలోచించి, అడగకపోవడమే మేలనుకుని వెళ్ళిపోయారు.

క్యారేజీ విప్పలేదు. పాత పట్టీని ఊడదీసి, కొలతలు తీసుకుని, పళ్ళకు వాడే గట్టి పదార్థంతో కొత్తది పోతపొయ్యాలని డబ్బా తీస్తే అడుగున చెంచాడు కూడా లేదు. తెల్లదంతా టీచరమ్మగారి పళ్ళకే సరిపోయింది. మిగిలింది చిగుళ్ళకు వాడే గులాబీ రంగుది. రంగుతో పనేముందని అదే కలిపాడు. గట్టిపడ్డాక ఆరు తీగలకు ఆరు రకాల ఆకురాళ్ళతో ఆరు గాట్లు తీశాడు. ఒక్కో గాటునూ నున్నగా మెరుగుపెట్టి, తీగ సులువుగా జారేలా పెన్సిల్ ముల్లు పొడి రాలగొట్టి అద్దాడు. వెనక స్ప్రింగుల పక్కన చెక్కముక్క బిగించి, ఆ ఊపుడంతా కట్టేశాడు. మరలు బిగించాడు. తీగలు మూడే మూడు చుట్లు చుట్టి, ఇక సాగేదేమైనా ఉంటే ఇప్పుడే సాగమని ఒక్కోదాన్నీ పైకి లాగి లాగి వదిలాడు. ఆ మధ్యాహ్నమంతా ఆయన ఈలవేస్తూనే ఉన్నాడు. ఆ ఈలకు శృతి లేదు గాని, సంతోషం ఉంది.

నాలుగున్నరకు ఒక్కనిమిషం వచ్చాడు. చొక్కా ఇస్త్రీ, జుట్టు తడి, చేతులు రెండూ జేబుల్లో.

"ఇదేంటి బావా, నా గిటారుకు చిగుళ్ళొచ్చాయి?"

"తెల్లది అయిపోయింది. వాయించి చూడు."

జేబుల్లోంచి చేతులు తీయడానికి ఎందుకో కొంచెం ఆలోచించాడు. తీసి, ఒకసారి వేళ్ళతో మీటాడు. తీగల్ని గట్టిగా లాగి, వదిలి, మళ్ళీ మీటాడు. మళ్ళీ లాగాడు. ఆరు తీగలూ ఎక్కడివక్కడే, చెప్పినమాట వినే పిల్లల్లా నిలబడి పలికాయి.

పళ్ళాయన అతని మొహం వంకే చూస్తున్నాడు. ఇన్నేళ్ళలో తన పని ఎవరైనా మెచ్చుకోవాలని కోరుకోవడం ఆయనకదే మొదటిసారి.

"బాగుంది బావా," అన్నాడు ఒక్కనిమిషం. గులాబీ పట్టీని వేలితో తడిమి, "మరీ బాగుంది," అన్నాడు. సంతోషించినవాడి గొంతులా లేదది. పెద్ద సెలవులు రద్దయ్యాయని కబురు విన్నవాడి గొంతులా ఉంది.

ఆరింటికి భార్యాభర్తలిద్దరూ హోటలుకు వెళ్ళారు. వాళ్ళకు దొరికింది వేదిక పక్కన, వంటగది తలుపుకు ఎదురుగా ఉన్న బల్ల. వచ్చీపోయే పళ్ళాలన్నీ భుజాలకు తగిలే ఆ చోట ఎవరూ కూర్చోరు. కాని అక్కడినుంచి వేదిక వెనకవైపు కూడా కనపడుతుంది. భార్య కొత్త చీర సర్దుకుని, మేనేజరు ఎక్కడున్నాడో చూసి, అతనికి తన మొహం కనపడేలా కుర్చీ తిప్పుకుంది.

మొదటి పాట అయింది. ఒక్కనిమిషం చెయ్యి దానంతటదే పైకి లేచింది. "ఒక్క..." అనేసరికి గోడవారన నిలబడ్డ మేనేజరు గడియారం చూసుకున్నాడు. చెయ్యి దిగిపోయింది. కీబోర్డు కుర్రాడు వెంటనే రెండో పాట ఎత్తుకున్నాడు. ముందు వరసలో ఎప్పుడూ వచ్చే పెద్దమనిషి చెంచా పట్టుకుని, "ఏం, ఇవాళ కథ లేదా?" అని పక్కనున్న తన భార్యను అడిగాడు.

రెండు, మూడు. శృతి చెక్కుచెదరలేదు.

"చూశారా?" అని భార్య పళ్ళాయన మోచేతిని పొడిచింది. ఆయన తల వంచుకుని లోలోపల మురిసిపోయాడు.

నాలుగో పాటలో ఎక్కడో తీగ బుర్రుమంది. గాటు సంగతేమోనని ఆయన గబుక్కున తలెత్తాడు. గాటు కాదు. బావ ఎడమచేతి ఉంగరం వేలు తీగను పూర్తిగా నొక్కలేదు. చిటికెనవేలు వంగినది వంగినట్టే ఉండిపోయింది. కణుపులు ఉబ్బి మెరుస్తున్నాయి. పాట అవగానే అతను వెనక్కి వంగబోయాడు. ఆంప్లిఫయరు పెట్టె చాటున ఒక స్టీలు గిన్నె ఉంది. దాంట్లో పొగలు కక్కే నీళ్ళు. వంటగది తలుపులోంచి వంటమనిషి అప్పుడే మార్చి వెళ్ళినట్టుంది. వేళ్ళు గిన్నె అంచును తాకాయో లేదో, కీబోర్డు అయిదో పాట మొదలెట్టేసింది. చెయ్యి వెనక్కి వచ్చేసింది.

పళ్ళాయనకు అప్పుడు అర్థమైంది. ఆ నిమిషాలన్నీ అతను వెనక్కి వంగి సవరించుకున్నది మీటల్ని కాదు. గిటారుకు శృతి పోయిన మాట నిజమే. అది నిజం కాబట్టే ఇన్నేళ్ళూ ఆ వేళ్ళకు కాస్త వేడినీళ్ళు దొరికాయి. ఆ ఆసరా కాస్తా తను ఇవాళ మధ్యాహ్నం నుంచి కూర్చుని, భూతద్దం పెట్టి మరీ, ఈలవేస్తూ ఊడగొట్టాడు.

అయిదో పాట మధ్యలో ఇంకో రెండు స్వరాలు తప్పాయి. తింటున్నవాళ్ళు తలలెత్తారు. మేనేజరు గోడను వదిలి రెండడుగులు ముందుకు వేశాడు. అతని చూపు నేరుగా బావ చేతి మీదికే పోతోంది.

పళ్ళాయన లేచి నిలబడ్డాడు. కుర్చీ వెనక్కి పడింది.

"శృతి పోయింది!"

ఆ గొంతు తనదేనని ఆయనకు ఒక క్షణం తర్వాత గాని తెలియలేదు. కీబోర్డు ఆగింది. చెంచాలు ఆగాయి.

"మీరెవరండీ?" అన్నాడు మేనేజరు.

"నేను పళ్ళు చేస్తానండీ."

ఎవరో నవ్వారు. పళ్ళాయన చెమటలు కక్కుతూ, వేలు చాపి చూపించాడు. "ఆ గిటారు ఇవాళ నేనే విప్పి బిగించానండీ. అదుగో, మెడ చివర గులాబీ రంగు ముక్క. చిగుళ్ళకు వాడేది. తెలియని పని నెత్తికెత్తుకుని చెడగొట్టాను. తీగ ఒక్కచోట నిలవట్లేదు. పాపం, దాంతో ఎంత గొప్పవాడైనా ఏం వాయిస్తాడు? ఆయన తప్పేం లేదు. ఒక్క నిమిషం ఇవ్వండి."

పక్క బల్ల దగ్గర ఒక పెద్దాయన ఈ మాటలు విని, తన పై సెట్టును నాలుకతో ఒకసారి తడిమి చూసుకున్నాడు.

వేదిక మీద బావ ఆయన వంక చూశాడు. తర్వాత అతను చెయ్యి పైకెత్తాడు.

"ఒక్క నిమిషం!"

హాలంతా ఒక్కసారి గొల్లుమని నవ్వి చప్పట్లు కొట్టింది. అతను తీరిగ్గా వెనక్కి వంగి, చేతులు రెండూ గిన్నెలో ముంచి, అలాగే తల మాత్రం ఇటు తిప్పి కథ అందుకున్నాడు. "వింటున్నారు కదా, మా బావ నా గిటారుకు చిగుళ్ళు కట్టాడు. పళ్ళు పెట్టడం మరిచిపోయాడు. అందుకే ఇవాళ దీనికి పాట నమలడం రావట్లేదు..." ముందు వరస పెద్దమనిషి బల్ల చరిచి నవ్వాడు. కథ మూడు నిమిషాలు పట్టింది. ఆ తర్వాత ఒక నెమ్మదైన పాట, ఎక్కడా తడబడకుండా, మొదటినుంచి చివరిదాకా వాయించాడు.

మేనేజరు వేదిక దగ్గరికి వచ్చి కాస్త మెత్తగా అన్నాడు. "మీ వాయింపులో లోపం లేదండీ, ఒప్పుకుంటాను. ఆ గిటారుతోనే చిక్కు."

"అవునండీ. ఇక దీన్ని నమ్ముకోలేం," అన్నాడు ఒక్కనిమిషం, గిటారును సంచిలో పెట్టి జిప్పు లాగుతూ. "రేపటినుంచి నేను రాను. మీరు మరోలా అనుకోకండి."

మేనేజరు చెయ్యి కలిపాడు. ఆ చెయ్యి వెచ్చగా, తడిగా ఉన్నందుకు ఆశ్చర్యపోయినట్టున్నాడు, రుమాలు తీసి తుడుచుకున్నాడు.

భార్య మాత్రం ద్వారం దాకా కూడా ఆగలేదు, బల్ల దగ్గరే అందుకుంది. "ఇరవై ఆరేళ్ళ ఉద్యోగం! ఒక్క పూటలో ఊడగొట్టారు. చేతకాదని మధ్యాహ్నమే ఒక్కమాట చెబితే మీ సొమ్మేం పోయేది?"

"చెప్పాల్సింది," అన్నాడు పళ్ళాయన.

"పోనీలే చెల్లాయ్," అన్నాడు అన్న. "బావ మనిషి మంచివాడు. పనితనమే లేదు."

ఆవిడ విసవిసా ముందు నడిచింది. వెనక ఒక్కనిమిషం పళ్ళాయన భుజమ్మీద చెయ్యి వేసి, చెవి దగ్గరికి వంగాడు.

"వెంట్రుకవాసి కదల్లేదు బావా. ఇప్పుడు మీటినా అంతే ఉంటుంది."

పళ్ళాయన ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. కీబోర్డు కుర్రాడు తర్వాతి పాట మొదలెట్టాడు. అందరూ మళ్ళీ తిండిలో పడ్డారు. పెట్టె చాటున స్టీలు గిన్నె ఉన్నచోటే ఉంది. దాని అంచుమీద రెండు తడి వేలిముద్రలు ఆరుతున్నాయి. నీళ్ళమీద ఆవిరి పలచబడుతోంది.