మూడు చేపల పచ్చబొట్టు

సంగాని లచ్చన్న యను దాయాది యొక్కడు నోరు మూసికొని యుండినచో సంగాని బులియ్య యా వైశాఖమాసమున గోదావరీసాగరసంగమ శీతలవాయువులను విడిచి చెన్నపట్టణమున నిప్పులు చెరగు మధ్యాహ్నవేళ సర్కారు కాగితములు దాచు నొక పురాతన లిఖితశాలయొక్క వసారాలో కాలుగాలిన పిల్లివలె తిరుగవలసిన యగత్యమే లేకపోయెడిది. ప్రచండమార్తాండకిరణ సంతప్తమైన రాజవీథిలో బండియెద్దులు నురుగులు గ్రక్కుచుండెను. సముద్రము కూతవేటు దూరమున నుండియు గాలి నొక్క గ్రుక్కెడైనను పంపదయ్యెను. నలువదియేడేండ్ల బులియ్య కూర్చుండును లేచును తలపాగ విప్పి మొగము తుడుచుకొనును మరల చుట్టుకొనును.

వివాదము కోరంగియొద్ది కొబ్బరితోటను గూర్చినది. బర్మాయుద్ధకాలమున కుంఫిణీవారి రణనౌకపై కొలువుచేసిన సంగానివారి నావికునకు సర్కారు దయచేసిన యినామది. ఆ నావికుడు తన తాత పోలయ్యయే యని బులియ్య తండ్రినాటనుండి యా తోట ననుభవించుచుండెను. పట్టాకాగిత ముప్పెనలో కొట్టుకొనిపోయెను. పోలయ్యకు అన్నయైన యెల్లయ్య మనుమడు లచ్చన్న. అతడదియే యదనుగా తాలూకాకచ్చేరిలో నర్జీ పెట్టి పదిమంది యెదుట నిట్లనెను.

“మీ తాత యోడ యెక్కినా డనుట కేమి గుర్తు తమ్ముడా? ఎక్కినవాడు మా తాత. మీ తాత రేవులో నుప్పుచేపలపై కాకులను తోలుచుండెను గాబోలు.”

జనులు పకపక నవ్విరి. ఆ నవ్వు బులియ్య చెవిలో దూరిన కందిరీగవలె నిద్రాహారములను హరించెను. తహసీలుదారు శాంతస్వభావుడు. రుజువు లేనిపక్షమున దాయాదులు తోటను చెరిసగము పంచుకొనవలె ననియు రెండునెలలలో రుజువు తెచ్చినచో నది యెవని తాత నిలువబెట్టునో వానికే తోట యంతయు చెందు ననియు సెలవిచ్చెను. సగమున కొప్పుకొనుట తాతను సగము నీట ముంచుటయే యని తలచి బులియ్య యా రాత్రియే మూట కట్టెను.

మూడవ తరగతితో బడి విడిచినవా డగుటచే నాంగ్లలిపి యతనికి అంధకారము. లిఖితశాలలోని వృద్ధగుమాస్తా శేషాచలము పంతులు దయదలచి చెదలు తినగా మిగిలిన నావికుల పట్టీలను దినమున కొకటి చొప్పున తిరుగవేయుచుండెను. తొమ్మిదవనాడు ముక్కుపైని యద్దముల సవరించుకొని పిలిచెను.

“పోలయ్య యను పేరే లేదోయి. మీ కోరంగివా డొక్కడే యున్నాడు. సంగాని యెల్లయ్య.”

బులియ్య పట్టీవైపు వంగెను. “మరియొకమారు చూడుడు బాబూ.”

“నూఱుమార్లు చూచినను సిరా మారునా? వినుము. వయస్సు పందొమ్మిది. కుడిచెవి తమ్మె చినిగినది. ఎడమ ముంజేతిపై మూడు చేపల పచ్చబొట్టు. నడిమిచేపకు తోక లేదు.”

ఆ చేపలు బులియ్య యెఱిగినవే. పసితనమున తాత యొడిలో కూర్చుండి యా మూడు చేపలను వ్రేలితో నెన్నిసారులు దిద్దియుండెను. తోక యేదని యడుగగా “పొడుచునామె వాన వచ్చినదని లేచిపోయెనురా” యని పోలయ్య బొజ్జ కదల నవ్వెడివాడు. పైగా నా సంవత్సరమున నెల్లయ్య ముప్పదియేండ్లవాడు.

బులియ్య చెప్పిన దంతయు విని పంతులు తల యూచెను. “ఇది మీ రేవులలో నున్నదే. పట్టీలో పేరు పడిన పిమ్మట అన్నకు జ్వరము తగులును. ఓడపెద్దయగు సరంగునకు తలల లెక్క కుదిరిన చాలును. అన్న పేరిట తమ్ము డోడ యెక్కును, వయస్సు గుర్తులు మాత్ర మెక్కినవానివే వ్రాయుదురు. కాని యొకమాట. ఈ నకలు తీసికొనిపోయితివా, యిందలి పేరు నీ దాయాది తాతది. ఊరక పోయితివా, సగమైనను దక్కును.”

“తాత దొరికినాడు బాబూ. ఇచ్చట విడిచి యెట్లు పోదును? వ్రాయుడు.”

విచారణనాడు కచ్చేరి కిటకిటలాడెను. నకలు చదువబడినంతనే బులియ్య లచ్చన్నవైపు తిరిగెను. “అన్నా, మా తాత చేయి పట్టుకొని నీవును సంతకు నడచినవాడవే. తోకలేని చేప యెవని చేతిపై నుండెనో నీ నోట చెప్పుము. నీ మాటకు కట్టుబడెదను.”

లచ్చన్న నేలవంక చూచెను. పిదప మెల్లగా ననెను. “పట్టీలో నెవని పేరున్నదో వాని చేతిపైనే యుండియుండును తమ్ముడా.”

తహసీలుదారు ఆ గుర్తులను, ఆ వయస్సును మరియెవరైన నెఱుగుదురా యని యడిగెను. ఎఱిగినవా రందఱు కాటికి పోయి చాలకాలమాయెను. అక్షరమునకు మించిన సాక్ష్యము లేదని యతడు తీర్పు వ్రాసెను. బులియ్య వాదింపలేదు. ఆ నకలు మాత్రము తన కిమ్మని యడిగి పుచ్చుకొని మడిచి రొండిని దోపుకొని మెట్లు దిగెను.

నూటనలువదియొకటవ సర్వే నెంబరున కాలువ మొదలు ఇసుకదిబ్బ వఱకు గల యెకరము డెబ్బదినాలుగు సెంట్లు కాపునకు వచ్చిన యఱువదియెనిమిది కొబ్బరిచెట్లతో గూడ లచ్చన్న పేర నెక్కెను. పంతులు మాట వినియున్నచో నిలుచుచుండిన యెనుబదియేడు సెంట్లును అందే పోయెను.