గరుకు గోడలు

నా బతుకంతా గోడలు నున్నగా చేయడంతోనే గడిచింది. లప్పం పూసి, ఆరాక ఉప్పుకాగితంతో రుద్ది, మళ్ళీ పూసి, మళ్ళీ రుద్ది, ఆ పైన రంగు వేస్తాను. నేను ముగించిన గోడ మీద చెయ్యి వేస్తే జారిపోవాల్సిందే. ఇంట్లో ఆ పనితనం దేనికీ కొరగాదని నాకేం తెలుసు!

షుగరు మా ఆవిడ చూపును కొంచెం కొంచెంగా తినేసింది. పాత ఇంట్లో ఆమెకు కళ్ళతో పనే లేదు, ఏ మూల ఏముందో కాళ్ళకే తెలుసు. ఆ ఇంటిని పడగొడతామని మమ్మల్ని ఖాళీ చేయించారు. ఈ అద్దె ఇంట్లోకి వచ్చేసరికి చూపు పూర్తిగా పోయింది. నేను పనికి వెళ్ళాక స్నానాలగదికని బయలుదేరి వంటగదిలో తేలేది. ఒకరోజు పడకగది అనుకుని వీధి మెట్ల మీద అడుగు వేసింది, నుదురు చిట్లింది. ఆ కట్టు చూసి వాళ్ళక్క అగ్గి మీద గుగ్గిలమైంది.

"మరిదీ, పగలంతా దీన్ని ఇలా వదిలేసి పోతావా? ఈసారి నేనొచ్చేసరికి ఇంట్లో తనంతట తాను తిరగలేకపోతే నాతో తీసుకుపోతా. నువ్వేం చెప్పినా వినను."

"నేనేమన్నా సామానా, తీసుకుపోవడానికి?" అని మా ఆవిడ గొణిగింది. వదిన వెళ్ళాక నా చొక్కా పట్టుకుని, "నన్ను పంపకయ్యా" అంది. ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది.

ఇంటి నమూనా ఒకటి చేసిపెడితే వేళ్ళతో తడిమి దారులు నేర్చుకుంటుందని ఆసుపత్రిలో చూపులేనివాళ్ళకు నడక నేర్పే అమ్మాయి చెప్పింది. సరేనని బొమ్మరిల్లు కట్టాను. ప్లైవుడ్ గోడలు, గుమ్మాల దగ్గర ఖాళీలు, చేతులు పెట్టడానికి వీలుగా పైకప్పు లేదు. అంత ఇరుకులో నా చెయ్యి ఆడదు కాబట్టి ప్రతి గోడనూ విడిగా ఉండగానే లప్పం పెట్టి, రుద్ది, రంగు వేసి, ఆ తర్వాతే జిగురుతో నిలబెట్టాను. వంటగదికి పసుపు, పడకగదికి నీలం. చూపులేని మనిషికి రంగులెందుకని నా మట్టిబుర్రకు తట్టనే లేదు.

ఆమె గది గదిలో వేళ్ళు పెట్టి చూసింది. "అన్నీ ఒకేలా జారిపోతున్నాయయ్యా. ఎక్కడున్నానో ఎలా తెలియాలి? రంగులేసేవాణ్ణి కట్టుకున్నందుకు నాకు దక్కింది ఇదీ!" అని నవ్వింది.

నాకు మాత్రం ఒళ్ళు మండింది. నా మీద నాకే. గోడలన్నీ ఊడబెరికాను. వంటగదికి దొరికినంతలో మొరటు ఉప్పుకాగితం అంటించాను. పడకగదికి పాత తువ్వాలు ముక్క, స్నానాలగదికి జిగురు మీద చల్లిన ఇసుక. ముందుగదిని నున్నగానే వదిలేశాను. చక్కటి గోడల్ని చేతులారా పాడుచేస్తున్నందుకు నన్ను నేను తిట్టుకుంటూనే చేశాను.

తెల్లారితే వదిన వస్తుందనగా బొమ్మరిల్లు మా ఆవిడ ముందు పెట్టి, వేళ్ళు తీసుకెళ్ళి వంటగది గోడకు ఆనించాను.

"చెప్పు, ఇది ఏ గది?"

"ఏం మార్చావయ్యా? నున్నగానే ఉందిగా."

వేళాకోళం అనుకున్నాను. "ముందుగది ఒక్కటే నున్నగా ఉంచాను, సరిగ్గా రుద్ది చూడు" అని కసిరాను.

రుద్దింది. ఇంకా గట్టిగా రుద్దింది. వేలి కొసన తోలు లేచి ఉప్పుకాగితానికి నెత్తురు అంటుకుంది. ఆమె ముఖంలో మాత్రం ఏ మార్పూ లేదు. షుగరు కళ్ళతో ఊరుకోలేదు, వేళ్ళను కూడా చంపేసింది. ఇక నేను ఏ గోడకు ఏం అంటించినా ఒకటే.

"ఆగు, నువ్వు చెప్పకు. ముందుగది కదూ?" అంది ఆశగా.

"అవును" అన్నాను.

"చూశావా! రేపు అక్క ముందు కూడా ఇలాగే చెప్పేస్తాను" అంటూ, నెత్తురు కారుతున్న వేలిని పక్క గోడ మీదికి జరిపింది.