మాడుచెక్కకు సీలు

జైలుకెళ్ళినవాడు చెడిపోయి వస్తాడంటారు. మన వంటమాస్టరు మాత్రం అక్కడే బాగుపడ్డాడు. కూతురి కోసం పాలపొడి డబ్బా దొంగిలించి లోపలికెళ్ళాడు, చెయ్యి తిరిగిన వంటవాడై బయటికొచ్చాడు. వచ్చాక ఏ హోటలువాడూ గుమ్మం తొక్కనివ్వలేదు. దొంగ చేతి వంట అరగదట. పెళ్ళాం ఆకలి లేదంటూ నీళ్ళు తాగేది. కూతురికింకా అబద్ధాలు రావు, ఆకలేస్తోందనే అనేది.

అక్కడ జైల్లో మాస్టరు బదులు గరిటె పట్టిన ఖైదీ పప్పు చూసి మిగతావాళ్ళు పళ్ళేలు తోసేశారు. సూపరింటెండెంటు తల పట్టుకుని మాస్టరుకి కబురంపాడు. వంటవాడి ఉద్యోగం ఖాళీగా ఉందని, పై ఆఫీసర్లకి వండి మెప్పిస్తే అది మీదేనని చెప్పాడు.

పాత గరిటె కనబడగానే మాస్టరు చుట్టాన్ని చూసినట్టు సంబరపడ్డాడు. ఆఫీసర్లు మాటలు మానేసి తిన్నారు, వేళ్ళు నాకారు. కడుపు నిండాకగానీ కాగితాలు చూడాలన్న సంగతి వాళ్ళకి గుర్తు రాలేదు. శిక్ష పడ్డవాళ్ళకి జైల్లో ఉద్యోగం ఇవ్వకూడదట. ఖైదీగా ఉన్నన్నాళ్ళూ జైలంతటికీ వండొచ్చు, శిక్ష తీరిపోయాక ఒక్కడికీ వండకూడదు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్నవాడెవడో ఈ జైలు చూసే అని ఉంటాడు. పొద్దుటి నుంచి ‘మీరు’ అంటున్న సూపరింటెండెంటు కూడా ఆ కాగితం చదివాక ‘నువ్వు’లోకి దిగిపోయాడు.

"గిన్నె అడుగున మాడు మిగిలింది సార్. పిల్లకి పట్టుకెళ్తాను," అన్నాడు మాస్టరు.

"అది ఖైదీల తిండి. బయటివాళ్ళకి ఇవ్వకూడదు. పారబోసి గిన్నె కడిగిపో."

మాస్టరు గిన్నె తళతళలాడేలా కడిగాడు. మాడు మాత్రం పారబోయలేదు, తువ్వాల్లో చుట్టి నడుముకి కట్టుకున్నాడు. జైలు అతనికి వంట నేర్పింది గానీ, ఇంట్లో పిల్ల ఆకలితో ఉంటే చేతులు కట్టుకు కూర్చోవడం నేర్పలేదు.

గేటు దగ్గర జవాను తడిమి చూసి మూట బయటికి లాగాడు. సర్కారు సొత్తు, పైగా పాత దొంగ. సూపరింటెండెంటు పరుగున వచ్చాడు. కోపం రావాల్సిన మొహం కళకళలాడిపోయింది. ఎన్నాళ్ళు పడొచ్చని జవానుని అడిగాడు. ఆర్నెల్లకి తక్కువుండదన్నాడు జవాను.

"రండి మాస్టారూ. రేపు కూరేం చేద్దాం?" అన్నాడు సూపరింటెండెంటు.

మాస్టరు గోడకి చేరగిలబడ్డాడు. ఇక తన కడుపుకి లోటు లేదని అతనికి తెలుసు. అందుకే ఏడుపొచ్చింది.

"మీరు ఏం వండమంటే అది వండుతాను సార్. ఆ మాడొక్కటి మా ఇంటికి పంపించండి. పిల్ల ఎదురుచూస్తూ ఉంటుంది."

సూపరింటెండెంటు పాపం నిజంగానే నొచ్చుకున్నాడు. అది సాక్ష్యమని, కోర్టుకి వెళ్ళాల్సిందేనని మెల్లగా నచ్చజెప్పాడు. జవాను మాడుచెక్కని జాగ్రత్తగా సంచిలో పెట్టి, మూతి కట్టి, లక్క కరిగించి, చీమ కూడా దూరకుండా సీలు వేశాడు.